ఉలవచారు – ఎద్దు వాటా, మన వాటా

తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ముందు ఊరి పేర్లు అడుగుతారు, తరువాత తిండి సంగతి ఎత్తుతారు. ఊరి దగ్గర మొదలైన స్నేహం ఒక్కోసారి తిండి దగ్గర తగాదాగా మారుతుంది. మా కుందలహళ్ళిలో అలాంటి తగాదా ఒకటి ఏళ్ళ తరబడి తీరకుండా ఉంది. ఉలవచారు ఎవరిది?

కృష్ణా, గుంటూరు వాళ్ళు తమదేనంటారు. పెళ్ళి భోజనంలో ఉలవచారు, దాని మీద చిక్కటి మీగడ పడకపోతే మగపెళ్ళివారు అలిగేవారని సాక్ష్యాలు కూడా తెస్తారు. అనంతపురం వాళ్ళు నవ్వి, "ఉలవలు పండేది మా మెట్ట చేలల్లో, పేరు మీకా?" అంటారు. ఈ మాటలన్నీ వింటూ కూర్చున్న కన్నడం వాళ్ళు, "ఇది మా ఇంట్లో వారానికోసారి చేసే హురుళి సారే కదా!" అని తేల్చేస్తారు. కుందలహళ్ళి గేటు నుంచి బ్రూక్‌ఫీల్డ్ వైపు నడిస్తే తెలుగు భోజనం బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఆ హోటళ్ళలో ఈ మూడు పక్షాలవాళ్ళూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని ఒకే చారు కలుపుకుంటూ ఉంటారు.

ఈ తగాదాకి తీర్పు చెప్పేటంత దాన్ని కాను. కాని ఈ చారు ఎక్కడ పుట్టిందో, దాని చుట్టూ ఏ కథలున్నాయో నాకు తెలిసినంతవరకు మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

చారుకో కథ

ప్రపంచంలో పేరున్న ప్రతి చారుకీ ఒక కథ ఉంటుంది. చైనాలో ఫూజియన్ రాష్ట్రపు ఫూజౌ నగరంలో ఒక ఖరీదైన సూప్ ఉంది. సముద్రపు సరుకులు, మాంసాలు, పుట్టగొడుగులు ఇలా బోలెడు దినుసులు జాడీలో పెట్టి, మూతి బిగించి, గంటల తరబడి సన్న సెగ మీద ఉడికిస్తారు. మూత తీస్తే వచ్చే ఘుమఘుమకి పక్క మఠంలోని శాకాహారి సన్యాసి కూడా ఆగలేక గోడ దూకాడని కథ. అందుకే దాని పేరు ‘బుద్ధుడు గోడ దూకాడు’. అదే దేశంలో యునాన్ వైపు ‘వంతెన దాటిన సేమ్యా’ అని ఇంకొకటి ఉంది. చెరువు మధ్య లంకలో కూర్చుని పరీక్షకు చదువుకునే మొగుడికి ఇల్లాలు రోజూ వంతెన దాటి భోజనం తీసుకెళ్ళేదట. వెళ్ళేసరికి చారు చల్లారిపోతోంది. ఒకరోజు కోడి కొవ్వు పైన తెట్టులా కట్టిన చారు తీసుకెళితే అది వేడిగానే ఉంది. ఆ కిటుకు తెలిశాక రోజూ అలాగే చేసిందట.

మన వైపు సాంబారుకి కూడా రాజుగారి కథ ఉంది. తంజావూరు మరాఠా రాజు షాహాజీ వంటింట్లో కోకం నిండుకుంటే చింతపండు వేసి పప్పు వండించారని, ఆ రోజు అతిథిగా ఉన్న శంభాజీ పేరు దానికి పెట్టారని చెప్పుకుంటారు. చరిత్రకారులు దీన్ని నమ్మరు. అయినా చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి కథ నిలిచింది.

మరి ఉలవచారుకో? రాజు లేడు, పండితుడు లేడు, సన్యాసి లేడు. మా అమ్మమ్మ చెప్పిన కథలో ఒక ఇల్లాలు, ఒక ఎద్దుల జత మాత్రమే ఉన్నాయి. పొద్దుపోయాక చుట్టం వచ్చాడట. ఇంట్లో అన్నం ఉంది కాని కలుపుకోవడానికి ఏమీ లేదు. పశువుల పాకలో పొయ్యి మీద ఎడ్లకి ఉలవలు ఉడుకుతున్నాయి. ఆ ఇల్లాలు పైన తేరిన ఎర్రటి నీళ్ళు గిన్నెలోకి వంచుకుని, చింతపండు పిసికి, ఉప్పు కారం వేసి, పోపు పెట్టి వడ్డించింది. చుట్టం మర్నాడు వెళ్ళాల్సినవాడు వారం ఉండిపోయాడు. "అందుకే చుట్టాలొస్తే ఉలవచారు పెట్టకూడదే" అని మా అమ్మమ్మ కథ ముగించేది.

కథలో చుట్టం ఎవరైనా కావచ్చు, ఊరు ఏదైనా కావచ్చు. పశువుల పాకలోని పొయ్యి మాత్రం నిజం.

పాకలో పొయ్యి

మాది నూజివీడు వైపు మెట్ట ఊరు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జత ఒంగోలు ఎడ్లు ఉండేవి. దుక్కుల రోజుల్లో, బళ్ళు తోలే రోజుల్లో వాటికి ఉలవ దాణా తప్పనిసరి. రాత్రి ఉలవలు నానబోసి, తెల్లవారుజామున పెద్ద కాగులో నిండా నీళ్ళు పోసి, పిడకల మంట మీద పెట్టేవారు. ఉలవ మొండి గింజ. పచ్చివి పెడితే పశువుకి సరిగా అరగదు. అందుకని మెత్తగా ఉడకాలి, నీళ్ళు సమృద్ధిగా ఉండాలి, మంట నెమ్మదిగా ఉండాలి. రెండు మూడు గంటలు అలా ఉడికేసరికి గింజలోని రంగు, రుచి, చిక్కదనం కొంత నీళ్ళలోకి దిగేవి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కాగులో ఉప్పు వేయరు. చింతపండు వేయరు. ఎందుకంటే ఆ వంట ఎడ్ల కోసం. గింజ ఉడికాక నీళ్ళు వార్చి కొంత వంటింట్లోకి తెస్తారు. ఉప్పు, పులుపు, కారం అన్నీ అక్కడే పడతాయి. ఈనాటికీ ఉలవచారు పద్ధతిగా చేసేవాళ్ళు ఉలవలు చప్పగానే ఉడికిస్తారు. ఎందుకని అడిగితే "ఉప్పు వేస్తే గింజ ఉడకదు" అంటారు. అదీ ఒక కారణం కావచ్చు. నాకు మాత్రం ఆ అలవాటులో ఎద్దు వాటా కనబడుతుంది.

గింజ ఎడ్లకి, నీళ్ళు మనుషులకి. ముందు తొట్టిలో ఎడ్లు తినేవి, తరువాత మా కంచాల్లో చారు పడేది. రెండు రోజులకు సరిపడా కాచి, మొదటి రోజు కన్నా రెండో రోజు బాగుందని మెచ్చుకుంటూ తినేవాళ్ళం. అన్నంలో వెన్నపూస వేసి కలిపితే ఉలవలోని వగరు అణిగి కమ్మదనం పైకి వస్తుంది.

1989లో మా నాన్నగారు ఎడ్లను అమ్మేశారు. ఊళ్ళో అప్పటికే ట్రాక్టరు అద్దెకు దొరుకుతోంది. పాలేరు మానేశాడు, గడ్డివామి ఖర్చు పెరిగింది. అమ్మిన రోజు ఆయన అన్నం తినలేదు. అప్పుడు మాకు అర్థం కానిది ఒకటుంది. ఆ ఏడాదితో మా ఇంట్లో ఉలవచారు కూడా ఆగిపోయింది. మా అమ్మని అడిగితే, "చారు కోసమని ఎవరైనా శేర్లకు శేర్లు ఉలవలు ఉడకేస్తారటే? గింజలు ఏం చేసుకోను?" అంది. అంటే అన్నాళ్ళూ మేం తిన్నది మా కోసం వండిన వంట కాదు. ఎడ్ల వంటలోంచి మాకు దక్కిన వాటా. ఎద్దు వెళ్ళిపోతే వాటా కూడా వెళ్ళిపోయింది.

చారు, సారు

పెళ్ళయి బెంగుళూరు వచ్చాక కుందలహళ్ళిలో మేం మొదట అద్దెకున్న ఇంటి యజమాని తల్లిగారు నాకు ఈ విషయంలో రెండో గురువు. ఈ తూర్పు బెంగుళూరు పల్లెల్లో తరతరాలుగా స్థిరపడిన రెడ్డి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆ అవ్వ మాట్లాడే తెలుగులో సగం కన్నడం దొర్లుతూ ఉండేది. పెద్ద పెద్ద భవనాలు రాకముందు ఈ చుట్టుపక్కల మెట్ట నేలల్లో రాగి, అవరె, హురుళి పండేవని ఆవిడ చేతులు చూపించి మరీ చెప్పేవారు. హురుళి అంటే మన ఉలవే.

"మా ఇండ్లల్లోనూ అంతేనమ్మా. హురుళి బేయించి ముందు ఎద్దుకి, ఆమీట మాకు" అన్నారు ఒకరోజు. అవ్వ చేసే ‘హురుళి కట్టు సారు’కీ మా అమ్మ ఉలవచారుకీ తేడా కొబ్బరి, ధనియాలపొడి దగ్గర మాత్రమే కనిపించింది. ‘కట్టు’ అంటే పప్పు ఉడికించి తేర్చిన నీళ్ళు. మనమూ పప్పుకట్టు అంటాం కదా. కన్నడం వాళ్ళ ‘బస్సారు’ కూడా ఇలాంటిదే. ‘బసి’ అంటే వార్చడం. గింజలు, ఆకుకూర ఉడికించి వార్చిన నీళ్ళతో సారు, మిగిలిన గింజ కూరతో పల్య. ఒకే పొయ్యి మీద రెండు వంటలు, పారబోసేది ఏమీ లేదు.

మాట కూడా ఒకటే. మన చారును పాత తెలుగులో బండి ఱతో ‘చాఱు’ అని రాసేవారు. కన్నడంలో సారు. తమిళంలో చాఱు అంటే పిండిన రసం. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాట ఇది. ముగ్గురిలో ఎవరిది అంటే ఏం చెబుతాం?

2014లో ప్రకాష్ రాజ్ ఒకే సినిమాను మూడు భాషల్లో తీశారు. తెలుగులో దాని పేరు ‘ఉలవచారు బిర్యాని’. కన్నడంలో ‘ఒగ్గరణె’, అంటే పోపు. మనం చారు తీసుకుంటే వాళ్ళు పోపు తీసుకున్నారు. రెండూ కలిస్తేనే కదా వంట!

గింజ వయసు

ఉలవ ఈ నేల గింజ. మిరపకాయ, టమాటా అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చాయి, అదీ గత అయిదు వందల ఏళ్ళలో. అంతకు ముందు మన చారులో కారం అంటే మిరియమే. ఉలవ కథ అలా కాదు. బళ్ళారి దగ్గర సంగనకల్లు కొండల్లోని కొత్తరాతి యుగపు పల్లెల తవ్వకాల్లో మాడిన ఉలవగింజలు దొరికాయి. అవి వేల ఏళ్ళ నాటివి. ఆ కాలపువే మన పాలమూరు వైపు ఉట్నూరులోని బూడిద దిబ్బ. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వి, అది పశువుల దొడ్డి అని, ఏళ్ళ తరబడి పేరుకున్న పేడ కాలి బూడిద దిబ్బ అయిందని నిరూపించారు. అక్కడి నేల మీద పశువుల గిట్టల అచ్చులు కూడా కనిపించాయి. అంటే ఈ దక్కను నేల మీద పశువు, ఉలవ నాలుగు వేల ఏళ్ళుగా ఇరుగుపొరుగు. కృష్ణా, గుంటూరు, అనంతపురం, బెంగుళూరు అనే పేర్లు అప్పటికి పుట్టలేదు.

సంస్కృతంలో ఉలవను ‘కులత్థం’ అంటారు. గింజలు ఉడికించి తేర్చిన రసాన్ని వైద్య గ్రంథాలు ‘యూషం’ అన్నాయి. చరక సంహితలోనే ఉలవల ప్రస్తావన ఉంది. ఒంటికి వేడి చేస్తుందని, కఫానికి, వాతానికి మంచిదని ఆయుర్వేదం చెప్పింది. చలికాలం, ముసురు రోజుల్లో ఉలవచారు కాచి, ఎండల్లో మానేయడం మన ఇళ్ళలో అలవాటు కావడానికి అదే కారణం. ఉలవ నీళ్ళు మూత్రపిండాల్లో రాళ్ళు కరిగిస్తాయని కూడా నమ్ముతారు. తాగితే తాగండి కాని, నొప్పి వస్తే మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానకండి.

గుర్రాలు, దొరలు

ఇంగ్లీషులో ఉలవ పేరే ‘హార్స్ గ్రామ్’. గ్రామ్ అనేది గింజకు పోర్చుగీసువాళ్ళ మాట. దక్షిణాదిన దొరల సైన్యాల్లో గుర్రాలకు ఉడికించిన ఉలవలే దాణా. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 1809లో బెంగుళూరులో ఇంగ్లీషు దండు వెలిశాక ఇక్కడా గుర్రపుశాలలు నిండాయి.

ఆ దొరలు గుర్రాల దాణా జోలికి వెళ్ళలేదు కాని, మన మిరియాల చారును మాత్రం వదల్లేదు. తమిళులు ‘మిళగు తణ్ణి’ అన్నదాన్ని వాళ్ళు ‘మలిగటానీ’ చేశారు. అందులో మాంసం, ఉల్లిపాయలు వేసి సూప్ గిన్నెల్లో పోసుకున్నారు. మద్రాసు కొలువులోని ఇంగ్లీషు ఉద్యోగులను మిగతా దొరలు ‘మల్స్’ అని ఎగతాళి చేసేవారని 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఉంది. అంటే పాపం, చారు తాగేవాళ్ళని! మా కుందలహళ్ళికి కూతవేటు దూరంలో ఉన్న వైట్‌ఫీల్డ్, 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడయరు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్ల కోసం వెలిసిన ఊరు. ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళలో ఈనాటికీ ‘పెప్పర్ వాటర్’ అన్నంలో కలుపుకుంటారు. పేరు ఇంగ్లీషుది, పోపు మనది.

ఇప్పుడు గింజ ఎవరిది?

ఇక అసలు విషయానికి వస్తాను. 2023 మార్చి నుంచి కుందలహళ్ళికి మెట్రో రైలు కూడా వచ్చింది. ఉలవచారు సీసాల్లో, పొట్లాల్లో దుకాణాల్లో దొరుకుతోంది. హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ కూడా పెడుతున్నారు. మా నాన్నగారు చూస్తే ఏమనేవారో గాని, ఒకప్పుడు పాకలో పుట్టిన చారుకు పట్నంలో రాజయోగం పట్టింది. సంతోషమే.

కాని లెక్క తిరగబడింది. ఒకప్పుడు గింజ కోసం ఉడికిస్తే నీళ్ళు మిగిలేవి. ఇప్పుడు నీళ్ళ కోసం ఉడికిస్తే గింజ మిగులుతోంది. నూరు గ్రాముల పచ్చి ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వార్చిన నీళ్ళలోకి దిగేది అందులో కొంతే. ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. ఆ గింజ ఎక్కడికి పోతోంది?

కిందటి ఉగాదికి ఇక్కడ మేం చేసుకున్న భోజనాల్లో ఈ ప్రశ్న నా కళ్ళెదుటే నిలబడింది. వంటవాళ్ళు ఉలవచారు అద్భుతంగా చేశారు. వడ్డన అయ్యాక వెనక్కి వెళితే ఉడికిన ఉలవలు ఒక ప్లాస్టిక్ డ్రమ్ము నిండా చెత్తబండి కోసం సిద్ధంగా ఉన్నాయి. ఇంకా పొగలు వస్తున్నాయి. నేను, మరో ఇద్దరు ఆడవాళ్ళం కలిసి దాన్ని చెరువు అవతల ఆవులున్న పాలాయన దగ్గరకు ఆటోలో పంపించాం. ఆయన సంతోషించి, "ఒక్కసారే పెడితే కడుపు ఉబ్బుతుందమ్మా, గడ్డిలో కొంచెం కొంచెంగా కలిపి పెడతా" అన్నాడు. పశువు సంగతి తెలిసిన మనిషి.

అవ్వ ఉంటే ఆ డ్రమ్ము చూసి ఏమనేవారో నాకు తెలుసు. మా ఇంట్లో మొదటిసారి ఉలవచారు చేసిన రోజున ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే అది. "నీళ్ళు మీరు తీసుకుంటిరి, కాళు ఎవరికమ్మా?" కన్నడంలో ‘కాళు’ అంటే గింజ. రుచి ఎలా ఉందని తరువాత అడిగారు.

రెండు వాటాల వంట

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ఉలవచారు కాచిన రోజున గింజ కూడా కంచంలోకి వస్తుంది. అయిదారుగురికి కొలతలు ఇవి.

అర కిలో ఉలవలు రాళ్ళు ఏరి, బాగా కడిగి, రెండున్నర లీటర్ల నీళ్ళలో రాత్రి నానబెట్టండి. మర్నాడు ఆ నీళ్ళతోనే, ఉప్పు వేయకుండా, కుక్కరులో సన్న సెగ మీద ముప్పావుగంట ఉడికించండి. చల్లారాక నీళ్ళు వార్చుకోండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం, తరిగిన ఉల్లిపాయ ఒకటి, చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగు, ఉప్పు, కారం, పసుపు వేసి నీళ్ళు సగానికి వచ్చేదాకా మరగనివ్వండి. గంట పట్టవచ్చు, తొందరపడకండి. చిక్కదనం ఇంకా కావాలంటే గుప్పెడు ఉడికిన ఉలవలు మెత్తగా రుబ్బి కలపండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టండి. వేడన్నంలో వెన్నపూసతో వడ్డించండి.

ఇక మిగిలిన గింజలు. సగం గుగ్గిళ్ళు చేయండి. పోపులో వేసి, ఉప్పు, పచ్చికొబ్బరి, నిమ్మరసం కలిపితే సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు పలహారం. కన్నడం వాళ్ళు దీన్నే ఉసళి అంటారు. మిగతా సగం పచ్చిమిర్చి, అల్లం, జీలకర్రతో బరకగా రుబ్బి, పట్టుకోవడానికి కొంచెం బియ్యప్పిండి కలిపి, పెనం మీద అట్టుల్లా కాల్చండి. ఇంటి దగ్గర ఆవులున్న అదృష్టవంతులైతే వాటి వాటా వాటికి చప్పగా తీసిపెట్టండి.

ఉలవచారు ఎవరిదనే తగాదా మా కుందలహళ్ళిలో ఇంకా నడుస్తూనే ఉంది. నడవనివ్వండి, దానివల్ల మంచి భోజనాలు జరుగుతున్నాయి. నా మటుకు నాకు అది ముందుగా ఎడ్లది, ఆ ఎడ్లకు తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించిన ఆడవాళ్ళది. ఈసారి మన భోజనాలకు వంటవాళ్ళతో బేరం మాట్లాడేటప్పుడు చారు ఎన్ని లీటర్లని అడిగినవాళ్ళు, గింజలు ఏం చేస్తారని కూడా ఒక మాట అడిగితే చాలు.